శ్రీకారము మాటున దాగిన పేరు

శరత్కాలపు లేతయెండ వర్షధారాధౌతములైన బొబ్బిలి పట్టణపు పెంకుటిండ్లపై పసుపు ఆరబోసినట్లు పరచుకొనగా వీణలు చేయువారి లోగిళ్లనుండి పనసకఱ్ఱపై ఉలిచప్పుడు మందమందముగ వినవచ్చుచుండెను. ఆ ప్రశాంతసమయమున స్థానిక సంగీతసభా కార్యదర్శియగు నృసింహశర్మ సభవారి వెబ్‌సైటునకు నూతనముగ అమరిన, పుటలు వ్రాసి ప్రకటించు ఎడిటరును కంప్యూటరుపై తెఱచి తొలిసారి అత్తవారింట విస్తరిముందు కూర్చున్న అల్లునివలె బిగిసి కూర్చుండెను.

చీటిముక్కయైనను తలపై శ్రీకారము చుట్టక వ్రాసి యెఱుగని యా సదాచారసంపన్నుడు ఎడిటరులో అన్నిటికంటె పైనున్న గడియందు భక్తితో “శ్రీ” అని వ్రాసి దానిక్రింద సుభద్రాంబ వీణకచ్చేరి వివరములు నింపి పబ్లిష్ మీట నొక్కెను. సభాచరిత్రమును పూర్వపు కచ్చేరులను సైతము వేర్వేఱు పుటలుగ అట్లే ప్రకటించెను. ఆ గడి పుటకు పేరుపెట్టు తావనియు, సైటు పట్టికలో ఆ పేరే కనబడుననియు పాపమాతడెఱుగడు. కరపత్రములు మానిన యా యేడు శ్రోతలకు వెబ్‌సైటొక్కటియే ఆధారము. వ్రేళ్లు వణకుచున్న సుభద్రాంబ అదియే తన కడపటి కచ్చేరియని నిశ్చయించుకొనియుండెను. ఆ వృద్ధవైణికురాలు శూన్యశాలలో వాయింపవలసివచ్చునేమో యనునదే శర్మ బెంగ.

మఱునాడు ఉదయమున ఆమెయే ఫోను చేసెను.

“శర్మగారూ, మీ సైటు చూస్తున్నానండీ. పైనుంచి కిందదాకా శ్రీ, శ్రీ, శ్రీ అనే ఉంది. నేనెక్కడున్నానో నాకే దొరకలేదు. ఇంక ఊళ్లోవాళ్లకేం దొరుకుతాను?”

శర్మ సైటు తెఱచి చూడగా పట్టికనిండ శ్రీకారములే కనబడెను. శుభమని తలపెట్టినది మొదటికే మోసము తెచ్చెగదాయని మిక్కిలి సిగ్గుపడెను.

“తప్పు నాదేనమ్మా. కానీ శ్రీ తీసెయ్యడానికి చెయ్యి రావట్లేదు.”

“తియ్యమని నేననలేదు. అమ్మవారు ఒక్క మెట్టు దిగి నాకు చోటిస్తుంది లెండి.”

శర్మ చేతులు జోడించి శ్రీకారమును క్రింది గడిలో మొదటి పంక్తికి దింపి పైగడిలో “సుభద్రాంబ వీణకచ్చేరి” అని వ్రాసెను. తక్కిన పుటలకును వాని వాని పేర్లు పెట్టెను.

కచ్చేరినాటి సాయంకాలమునకు సభామందిరము నిండెను. బాల్యమున సుభద్రాంబతో కలిసి వీణ నేర్చి పెండ్లియై సాలూరు వెడలి మఱి కనబడని నాగరత్నమ్మ ముందువరుసనుండి లేచి, “సైటులో నీ పేరు కనబడిందే, వచ్చేశాను” అనెను. సుభద్రాంబ కన్నీరు తుడుచుకొని వీణ నొడికి తీసికొనెను. వణకు వ్రేళ్లతోడనే వాయించెను.

వెనుకవరుసలో నిలిచి వినుచున్న శర్మకు ఆనాడు తెలియవచ్చెను: దైవమును తలచుటకు మనసు చాలును, మనిషిని పిలుచుటకు పేరు వలయును.