పాలు పడలేదన్న మాట

"మీకు పాలు పడలేదు. అవునా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి."

డబ్బాపాల కంపెనీ వకీలు ఆ ప్రశ్న వేసి, జవాబు ముందే తెలిసినవాడిలా గోళ్ళు చూసుకుంటూ నిలబడ్డాడు. బోనులో ఉన్నది కండక్టరమ్మ. కోర్టు కాగానే డ్యూటీకి పోవాలని ఖాకీ చొక్కాతోనే, మెడలో ఈలతోనే వచ్చింది. కిక్కిరిసిన బస్సులో చిట్టచివరి సీటు దాకా వినబడే ఆమె గొంతు ఆ పూట నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"అవునండీ."

అంతే, వకీలు కూర్చున్నాడు. ఆమె కొడుకు ఏడో నెలలోనే పుట్టి, అరచేతిలో పట్టేంత ఉండి, కంపెనీ డబ్బాపాలు పట్టాక పొట్ట ఉబ్బి, పేగు కుళ్ళి, అద్దాల పెట్టెలోనే కన్నుమూశాడు. ఆ సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు. తల్లి దగ్గర పాలు లేవు, మేం పోయకపోతే ఆకలికి పోయేవాడు అని కంపెనీ వాదన. నెలలు నిండని పిల్లల పేగుకి ఆ పొడి పడకపోవచ్చని వాళ్ళకి తెలుసు. తెలిసి కూడా డబ్బా మీద ఆ ముక్క వెయ్యలేదు. బొద్దు బుగ్గల పిల్లాడి బొమ్మ మాత్రం వేశారు. చంపేవాడికి సిగ్గుండాలని ఏ చట్టంలోనూ లేదు కదా.

"ఎవరి కేసు వారిదే. విడివిడిగా వింటాం," అన్నారు జడ్జిగారు. వచ్చే నెలకి వాయిదా.

వరండాలోకి రాగానే కండక్టరమ్మ మీద దర్జీ ఆమె విరుచుకుపడింది. ఈమె కూతురూ అదే ఆస్పత్రి వార్డులో, ఆ పాలతోనే పోయింది.

"అందరి కొంపా ముంచావు కదే! అవునని ఎలా అన్నావు? నాలిక తెగిపోయిందా కాదనడానికి?"

"లేనిది ఉందని చెప్పనా? నాకు పాలు పడలేదు. ఆ మాట నీకు కొత్తేమో! మా ఇంట్లో రెండు పూటలా అన్నంతో పాటు వడ్డిస్తారు."

వడ్డించే మనిషి పక్కనే ఉంది. కండక్టరమ్మ అత్త నోరు తెరిస్తే వీధి చివర కుక్క కూడా సర్దుకుని కూర్చుంటుంది. "మా ఇంటా వంటా లేదమ్మా ఈ కరువు," అంది అలవాటుగా.

"ముందు ఆ గొడవ ఆపండి," అంది ప్లీడరమ్మ, అక్కడ బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులందరి తరఫునా కేసు వేసినామె. "ఒక్కొక్కరినే పిలిచి ఇదే ప్రశ్న వేస్తారు. నిజం చెప్పండి. మీలో ఎంతమందికి పాలు పడలేదు?"

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ముందు దర్జీ ఆమె చెయ్యి లేచింది, తల మాత్రం లేవలేదు. తర్వాత మరో చెయ్యి, ఇంకొకటి. చివరికి వరండాలో లేవని చెయ్యి లేదు. ఒక్కొక్కతీ లోపం తన ఒంట్లోనే ఉందనుకుంది. తన బిడ్డని తానే ఆకలికి అప్పజెప్పానని గోడవైపు తిరిగి ఏడ్చింది. పక్కింట్లో కూడా అదే ఏడుపని తెలియలేదు.

కండక్టరమ్మ ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయింది. బస్సు నిండా ఉన్న జనమంతా ఒకే స్టేజీలో ఎక్కామంటే ఏ కండక్టరుకైనా అనుమానం రాక తప్పదు.

"ఆ మాట మీకు ఏ రోజు చెప్పారు?" అంది.

"కాన్పయిన రోజే."

"నాకైతే మత్తు కూడా దిగలేదు. సిస్టరొచ్చి పాలు పడలేదు, డబ్బా తెప్పించుకోమంది."

"నాకూ మొదటి రోజే."

"మొదటి రోజా?" అత్త ఫక్కున నవ్వబోయింది. "మొదటి రోజు ఏ తల్లికి పడతాయే! నాలుగు చుక్కలొస్తే గొప్ప. నాకైతే మూడోనాటికి గానీ..."

మాట సగంలో ఆగిపోయింది. ఆ నోరు మాట మధ్యలో ఆగడం కోడలు ఎన్నడూ చూడలేదు.

"మరి నన్నెందుకన్నావత్తా, ఇన్నాళ్ళూ?"

"తెల్లకోటు వాళ్ళు చెప్తే నిజమే కాబోలనుకున్నానే. ముగ్గుర్ని పెంచిన నా మాట నేనే నమ్మలేదు." ముసలామె గోడకి ఆనుకుని కూలబడింది. "పాపిష్టిదాన్ని. నిన్ను తిట్టిన తిట్లన్నీ వాళ్ళవి. నీకు పంచాను."

కండక్టరమ్మకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పింది వాళ్ళు, దాన్ని కోర్టులో నిజం చేసిపెట్టింది తాను.

వరండా ఊడుస్తున్న పెద్దామె చీపురు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. "అమ్మా, మా కోడలు రాత్రి కన్నది. నెలలు నిండలేదు. ఆడపిల్ల. మీరన్న ఆస్పత్రే. పొద్దున అదే ముక్క చెప్పారు. పని దిగగానే డబ్బా కొనుక్కెళ్దామని..."

దర్జీ ఆమె కళ్ళు తుడుచుకుని ప్లీడరమ్మ వైపు తిరిగింది. "వచ్చే నెల దాకా ఆగమంటారా?"

"కోర్టు ఆగుతుంది," అంది కండక్టరమ్మ. "ఆ పసిగుడ్డు ఆగదు. పదండి."

ఆస్పత్రి వార్డు గుమ్మం మీద గడియారంలో కూడా ఆ బొద్దు బుగ్గల పిల్లాడే. సిస్టరు జేబులో పెన్ను మీదా వాడే. కంపెనీ ఏదీ ఊరికే ఇవ్వదు. ఆడవాళ్ళు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. దర్జీ ఆమె, పెద్దామెతో కలిసి పక్క వార్డులో ఉన్న ఆమె బాలింత కోడలి దగ్గరికి పోయింది.

సూపరింటెండెంటు ఊగిపోతూ వచ్చాడు. "ఇది ఆస్పత్రా, సంతా?"

"సంతే నయం బాబూ," అత్త నోరు మళ్ళీ తెరుచుకుంది. ఇన్నాళ్ళకి సరైన గుమ్మం ముందు తెరుచుకుంది. "పుచ్చు వంకాయిస్తే అక్కడ వెనక్కి తీసుకుంటారు. నువ్వు నా మనవణ్ణి వెనక్కిస్తావా?"

"తల్లికి పాలు లేకపోతే మేమేం చెయ్యాలి?"

"లేవని మొదటి రోజే ఎలా తెలిసింది? పాలు పిండి చూశారా? చూడకుండా డబ్బా రాశారా?" అంది కండక్టరమ్మ.

"చుక్కలతో కడుపు నిండుతుందా?" అన్నాడు.

"పిడికెడు లేని పిల్లకి చుక్కలు కాక చెంబులు పోస్తావా?" అంది అత్త.

అతను పోలీసులకి ఫోను చెయ్యడానికి పోయాడు. సిస్టరు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "నామీద అరవకండమ్మా. పైవాళ్ళు చెప్పమన్నదే చెప్పాను. కాదంటే నా ఉద్యోగం ఉండదు."

"ఇంటికి పంపిస్తే చెప్పు తల్లీ," అంది కండక్టరమ్మ. "నీకోసం కూడా ఈ గుమ్మంలోనే కూర్చుంటాం. నిన్నూ ఒక్కదాన్ని చేసే కదా ఆడిస్తున్నారు!"

అప్పుడే దర్జీ ఆమె వచ్చింది. రెండు చేతులా మూతపెట్టిన చిన్న గిన్నె. లోపల చిక్కగా, పచ్చగా అడుగున నిలిచిన నాలుగు చుక్కలు. గుమ్మం ముందున్న ఆడవాళ్ళంతా తొంగి చూశారు. ఒకామె భోరుమంది. ఆ నాలుగు చుక్కల కోసం కాన్పు రోజున ఎవరూ ఆమెని అడగనే లేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడయింది. సిస్టరు గిన్నె అందుకుని లోపలికి పోయి గడియ వేసింది. సన్నని గొట్టంలోంచి ఆ పసుపుపచ్చని చుక్క పెట్టెలోకి జారడం అద్దంలోంచి కండక్టరమ్మ చూసింది. భుజం మీద చెయ్యి పడినా వెనక్కి తిరగలేదు.

"నువ్వేనా వీళ్ళని తెచ్చింది? నడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వాకిట్లో వ్యాను. కండక్టరమ్మ మెట్టెక్కి, ఇటు తిరిగి ఈల ఊదింది.

"ఎక్కండమ్మా ఎక్కండి! ముందుకి జరగండి, లోపల బోలెడు ఖాళీ!"

అత్త ముందు ఎక్కింది. దర్జీ ఆమె ఎక్కింది. పెద్దామె, వరండాలో చేతులెత్తిన ప్రతి ఆడదీ ఎక్కింది. వార్డుల్లోంచి చూస్తున్నవాళ్ళు కూడా చెప్పులేసుకుని పరుగున వస్తున్నారు.

"దిగండి! అరెస్టు చేసింది ఈమెనొక్కదాన్నే. ఎవరి కేసు వారిదే!"

"అదే మాట పొద్దున జడ్జిగారన్నారులే," అంది అత్త, సీటులో సర్దుకుంటూ. "మేమంతా ఒకే స్టేజీలో ఎక్కాం నాయనా."

వ్యాను నిండిపోయి తలుపు పడలేదు. ఎటు పోవాలని డ్రైవరు వెనక్కి తిరిగి అడిగాడు. ఇన్‌స్పెక్టరు నోరు విప్పేలోగా కండక్టరమ్మ గొంతు చిట్టచివరి సీటు దాకా వినబడింది.

"కోర్టుకే పోనీ. పొద్దున నేనొక జవాబు తప్పు చెప్పాను. రైట్ రైట్!"