ఈజీ సారు

మూడో వరుసలో చివరి స్వరాన్ని రిచర్డ్ రబ్బరుతో చెరిపి, కాగితం మీద పడ్డ పొట్టును అరచేతి అంచుతో పక్కకు తోశాడు. అదే స్వరాన్ని కొంచెం పైకి రాశాడు. కాసేపు చూసి దాన్నీ చెరిపేశాడు. ఎన్నిసార్లు చెరిపాడో, అక్కడ కాగితం పల్చబడి వెలుతురు కనిపిస్తోంది. వంటింట్లో కుక్కరు రెండో కూత వేసింది. లేచి స్టవ్ ఆర్పి వచ్చి, మళ్లీ అదే కుర్చీలో అదే వంపుతో కూర్చున్నాడు.

అరవై నాలుగేళ్ల మనిషి. పొట్టిగా ఉంటాడు. కుడిచేతి మధ్యవేలి మీద పెన్సిలు ఒరిసి ఒరిసి కాయ కాసింది. భుజాలు ముందుకు జారిపోయి, మెడ ఎప్పుడూ ఒక పక్కకు వాలి ఉంటుంది. ముప్ఫయ్యేళ్లుగా పియానో పక్కన నిలబడి పిల్లల వేళ్లను చూసిన మెడ అది.

సికింద్రాబాద్ క్లాక్ టవర్‌కి దగ్గరలో, ఒక మేడ మీద నడిచే సంగీతం స్కూల్లో అతని పని బాణీలను తేలిక చెయ్యడం. పెద్ద చేతుల కోసం ఎవరో రాసిన వాటిని చిన్న చేతులకు అందేలా తిరగరాస్తాడు. ఒకేసారి ఐదు స్వరాలు పడే చోట రెండు ఉంచుతాడు. చెయ్యి దూరంగా గెంతాల్సిన చోట దగ్గరికి జరుపుతాడు. పిల్లలు అతన్ని ‘ఈజీ సార్’ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు. ఇప్పుడు ఎదురుగానే అంటారు, అతనూ పలుకుతాడు.

ఏది కష్టమో, ఏది తేలికో కాగితం చూసి చెప్పలేమని అతనికి తెలుసు. చీమల బారుల్లా స్వరాలు కిక్కిరిసిన పేజీ చూసి తల్లిదండ్రులు హడలిపోతారు. చాలాసార్లు అది వేళ్ల కింద నీళ్లలా జారిపోతుంది, చెయ్యి ఉన్నచోటే ఉంటుంది కాబట్టి. సగం ఖాళీగా ఉండి నెమ్మదిగా నడిచే పేజీయే ప్రాణం తీస్తుంది. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య చెయ్యి గాల్లో ఆగాలి. తప్పు పడితే దాక్కోవడానికి చోటుండదు. పియానో మీది నల్ల మెట్లంటే పిల్లలకు భయం గాని, నిజానికి పొడుగు వేళ్లు వాటి మీదే హాయిగా కూర్చుంటాయి. ఉంగరం వేలికి సొంత బలం ఉండదు, పక్కవేళ్లను అడుక్కుంటుంది. వీటన్నిటికన్నా కష్టం, ఎదురుగా మనుషులు కూర్చుని ఉండటం. ఇరవై రెండో ఏట ఒక హాల్లో, నిండా జనం ముందు, రిచర్డ్ వేళ్లు రెండో పేజీలో ఆగిపోయాయి. మళ్లీ కదల్లేదు. చప్పట్లు కూడా జాలిగా వినిపించాయి. ఆ తర్వాత అతను నలుగురి ముందు ఎప్పుడూ వాయించలేదు.

వాయించింది అక్క. ప్రిసిల్లా. నలభై ఒక్క సంవత్సరాలు చర్చిలో పియానో ఆమెదే. రిచర్డ్ ఆమె ఎడమవైపు నిలబడి పేజీలు తిప్పేవాడు. ఆ వైపు నుంచి చూసి చూసి ఆమె ఎడమచెయ్యి అతనికి కంఠతా వచ్చేసింది. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. మల్కాజ్‌గిరిలో ఈ రెండు గదుల అద్దె ఇల్లు, ముందు గదిలో సగం ఆక్రమించిన పాత పియానో. రైల్వేలో ఫిట్టరుగా చేసిన తండ్రి, లాలాగూడ విడిచి వెళ్లిపోతున్న ఒక కుటుంబం దగ్గర కొని తెచ్చాడు. వానాకాలంలో దాని మెట్లు రెండు లోపలికి పోయి పైకి రావు.

రెండేళ్ల కిందట ప్రిసిల్లాకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది. కుడికాలు ఈడుస్తూ గోడ పట్టుకుని నడుస్తుంది. మాట వచ్చింది గాని నెమ్మదిగా వస్తుంది. ఆ రోజునుంచి పియానో మూత తెరవలేదు. తెరిచింది పది రోజుల కిందటే. ఎడమచేత్తో మూత ఎత్తి, ఒక్క స్వరం నొక్కి, అది పూర్తిగా ఆగిపోయేదాకా విని, మళ్లీ మూసేసింది. వంటింట్లోంచి రిచర్డ్ చూశాడు. ఆ సాయంత్రమే గీతల కాగితం తీసుకుని కూర్చున్నాడు. సాయంకాలపు ఆరాధన చివర, జనం లేచి వెళ్తుంటే ఆమె వాయించే బాణీ ఒకటుంది. దాన్ని ఒక్క ఎడమచేతికి రాయడం మొదలుపెట్టాడు.

మొదటిది చూసి ఆమె, “మీ స్కూల్ల సిందూర లాంటి పిల్లలకు రాసినట్టు రాసినవ్,” అంది. రెండోది చూసి తిరిగి ఇచ్చేసింది.

ఇవాళ మూడోది. అన్నం, పప్పు పళ్లెంలో కలిపి, చెంచా వేసి ఆమె ముందు పెట్టి, కాగితం పక్కన ఉంచాడు. ఆమె పళ్లెం ముట్టుకోలేదు. కాగితం చేతిలోకి తీసుకుని కిటికీ వైపు తిప్పింది. చదువుతూ చదువుతూ పెదవులు కదిపింది. తర్వాత కాగితం ఒళ్లో పెట్టుకుంది. ఎడమచేతి వేళ్లు మోకాలి మీద కదిలాయి.

“చెయ్యి సరే,” అంది చివరికి. “కాలు?”

అతనికి అర్థం కాలేదు.

“కింది నోటు కొట్టి చెయ్యి పైకి పోతది. ఆ కింది నోటు మోగుతనే ఉండాలె. పెడలే పట్టుకోవాలె గద. కుడి దిక్కుది, కుడి కాల్తోని తొక్కేది. నా కుడికాలు ఏది తమ్మీ?”

రిచర్డ్ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. ఇన్ని రోజులూ చేతినే చూశాడు. పెడల్ సంగతి తోచనే లేదు.

“ఆ ఎగురుడు తీసేస్త అక్కా. అన్ని పక్కపక్కన్నే పెడ్త. పెడల్ అవసరమే పడది.”

“తియ్యకు.” మాట తడబడింది. ఆగి మళ్లీ చెప్పింది. “ఎవ్వలకు పడితే వాళ్లకు తీసినవ్ ఇన్నేండ్లు. నాది తియ్యకు. కష్టముంటే ఉండనియ్.”

“తొక్కరాదు గద మరి.”

“నువ్వు పో. రైలు పోతది.”

పక్క వాటాలో ఉండే అక్బర్ బీ మధ్యాహ్నాలు వచ్చి చూసుకుంటుంది. ఆమెకు తాళం చెవి ఇచ్చి రిచర్డ్ బయల్దేరాడు. అన్నం పళ్లెం అలాగే ఉంది. మూడో కాగితం అక్క ఒళ్లోనే ఉంది.

స్కూలు నడిపే రఘునాథ్ మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. మంచివాడే, ఎప్పుడూ తొందరలో ఉంటాడు. చేతిలో ట్యాబ్.

“సార్, జెర ఇది చూడండి. ఏ పీస్ అయినా ఇండ్ల వేసి ఒక్కసారి నొక్కితే ఈజీ వెర్షన్ వస్తది. మీకు సుత తక్లీఫ్ ఉండదు.”

రిచర్డ్ చూశాడు. యంత్రం స్వరాలు ఎక్కువున్న చోటల్లా తీసేసింది. కష్టమున్న చోట మాత్రం అలాగే వదిలేసింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకునే చోటది. అది చెప్పాలంటే కూర్చోబెట్టి, వాయించి చూపించి, వివరించాలి. అంత ఓపిక లేదు.

“బాగుంది,” అన్నాడు.

పదకొండు గంటలకి సిందూర వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. వెంట తల్లి ఝాన్సీలక్ష్మి. ఏలూరు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం.

“మాస్టారూ, వార్షికోత్సవానికి దీనిది పెద్ద పీసే ఉండాలండి. వినేవాళ్లకి అబ్బో చాలా కష్టం అనిపించాలి. దీనికి మాత్రం తేలిగ్గా ఉండాలి. మీరైతే చేస్తారని అందరూ చెప్పారు.”

“చేస్తానమ్మా,” అన్నాడు రిచర్డ్.

అదీ అతనికి చేతనవును. ఒక చెయ్యి రెండో చేతి మీదుగా దాటి అటు పోయి ఒక్క స్వరం కొట్టి వచ్చేలా రాస్తే చాలు. చూసేవాళ్లు నోరెళ్లబెడతారు. పిల్లకి అదొక ఆట. నాలుగు చోట్ల అలా దాటించి రాసిచ్చాడు. సిందూర రెండు సార్లకే పట్టేసింది, మూడోసారి నవ్వుతూ వాయించింది. తల్లి ఫోన్లో వీడియో తీసుకుంది.

వెళ్లబోతూ పిల్ల ఆగింది. “సార్, మీరు కష్టమైనవి వాయిస్తారా?”

“నాకు ఈజీవే వస్తాయమ్మా.”

“మరి అవి కష్టమని మీకెలా తెలుసు?”

అతను నవ్వాడు. పిల్ల జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

తర్వాత ఇంకో అయిదుగురు. నాలుగున్నరకు పని అయ్యేసరికి నడుము కింద నుంచి మెడ దాకా ఒకే నొప్పి. మోండా మార్కెట్ దగ్గర అక్కకి ఇష్టమని సపోటాలు కొని, స్టేషన్‌కి నడిచాడు. లోకల్ రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. సంచి ఒళ్లో పెట్టుకుని, దాని మీద గీతల కాగితం పెట్టి, నాలుగోది రాశాడు. గెంతులన్నీ తీసేశాడు. చెయ్యి ఎక్కడికీ పోనక్కర్లేదు, పెడల్ అక్కర్లేదు. చాలా తేలిక. అక్కకి కోపం వస్తుందని తెలుసు. కోపంతోనైనా రెండు వరుసలు వాయిస్తుందేమోనని ఆశ. సంచి అడుగున ఫోన్ రెండుసార్లు మోగింది. రైలు చప్పుడులో అతనికి వినపడలేదు.

సందు మలుపు తిరగగానే అక్బర్ బీ గుమ్మంలో కూర్చుని కనిపించింది. తల మీద కొంగు కప్పుకుని ఉంది. ఆ కూర్చున్న తీరు చూసి రిచర్డ్ నడక నెమ్మదించింది.

“అన్నా, ఫోన్ చేసిన. ఎత్తలే.” ఆమె లేచి నిలబడింది. “పోయింది అన్నా. డాక్టర్ సాబ్ వచ్చి చూసి పోయిండు. గుండె ఆగిందన్నడు.”

లోపల ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు గోడ పక్కన నిలబడి ఉన్నారు. ప్రిసిల్లా మంచం మీద పడుకుని ఉంది. ఎవరో చేతులు ఛాతీ మీద కలిపి పెట్టారు. పైన ఎడమచెయ్యి ఉంది. రిచర్డ్ సంచి కింద పెట్టి, మంచం అంచున కూర్చుని, ఆ చేతిమీద తన చెయ్యి వేశాడు. అది పియానో మెట్టంత చల్లగా ఉంది.

అక్బర్ బీ మెల్లగా చెప్పింది. “పన్నెండింటికి షురూ చేసింది అన్నా, పియానో. నేను అవతల రొట్టెలు చేస్తున్న. జెరంత వాయించుడు, ఆగుడు. మళ్ల మొదటికెల్లి. ఒక్క జాగల్నే చిక్కుతుండె. పరేషాన్ అయి వచ్చి చూద్దామంటే, ‘పో, నువ్వుంటే రాదు’ అన్నది నవ్వుకుంట. రెండున్నరకు మొత్తం ఒక్కసారి వచ్చింది. నడుమల ఏడ సుత ఆగలే. ఇల్లంత గంట మోగినట్టు మోగింది. చాయ్ తీస్కొని వచ్చేసరికి మంచం మీద ఒరిగి ఉన్నది. నిద్ర పోయిందనుకున్న. సాయంత్రం లేపితే లేవలే.”

“మోగిందా?” అన్నాడు రిచర్డ్. “కింది నోటు మోగుతనే ఉండెనా?”

“నాకేం తెలుస్తది అన్నా. మస్తు మోగింది.”

రిచర్డ్ ఆ చేతిమీంచి తన చెయ్యి తీశాడు. పాస్టర్ గారికి ఫోన్ చెయ్యాలి, అల్వాల్‌లో ఉన్న పిన్ని కొడుక్కి చెప్పాలి. లేచి ముందు గదిలోకి వచ్చాడు. పియానో మూత తెరిచే ఉంది. స్టూలు ఎప్పుడూ ఉండే చోట లేదు, కుడివైపుకి బాగా జరిపి, ఏటవాలుగా తిప్పి ఉంది. దాన్ని సరిచెయ్యబోయి వంగి, ఆగిపోయాడు.

పియానో కింద, కుడి పెడల్ పక్కన, ప్రిసిల్లా ఎడమకాలి రబ్బరు చెప్పు ఒక్కటే ఉంది, మడమ దగ్గర అరిగిపోయి, బొటనవేలి చోట గుంట పడి.