ఏడు మీద కప్పిన గీత

పరాయి రాష్ట్రపు మిల్లుల ఊరు ఉధ్నాలోని ఆ అచ్చు ప్రెస్సు నుంచి పద్దెనిమిది వందల ప్రశ్నపత్రాలు రెండు గంటలకల్లా వెళ్లిపోవాలి. పన్నెండున్నరకు, పేజీలు కూర్చే పద్మారాణి కంప్యూటర్ మొండికేసింది. తెర మీద ఎర్రర్, దాని కింద ఒక ప్రశ్నార్థకం. లెక్కల్లో ఎక్కడో ఒక బ్రాకెట్ మూయలేదు.

"ఎంటర్ కొట్టు బిడ్డా, తప్పును దాటేసి పేజీ అదే వస్తది," అన్నాడు సూపర్‌వైజర్ శ్యాంసుందర్. జగిత్యాల దిక్కు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు.

"వస్తది కాకా. పోయిన నెల గూడ వచ్చింది."

పోయిన నెల సంగతి ఇద్దరికీ తెలుసు. అదీ ఇలాంటి పేపరే, మిల్లు కూలీల పిల్లలకు కోచింగ్ సెంటర్ పెట్టే ఉచిత సీట్ల పరీక్ష. వర్గమూలం గీత x+9 మీద ఆగాలి, పక్కనున్న +7 బయట ఉండాలి. బ్రాకెట్ మూయనందుకు ఆ గీత సాగి ఏడును కూడా కప్పేసింది. x పదహారైతే పన్నెండు రావాల్సిన లెక్కకు, ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒక్కటీ సరిపోలేదు. ఉన్ అనే బస్తీలో పద్మారాణి పక్కింటి లింగవ్వ మనవరాలు విజయశ్రీ ఆ ఒక్క లెక్కతోనే ఇరవై నిమిషాలు కుస్తీ పట్టింది. ఒక్క మార్కులో సీటు పోయింది. ఇప్పుడా పిల్ల ఇంట్లో కూర్చుని కూలికి చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తోంది.

ఆ రోజు ఎంటర్ కొట్టమన్నది ప్రెస్సు యజమాని సేఠ్. తప్పు నాదేనని కాగితం మీద సంతకం పెట్టింది పద్మారాణి. మూడు రోజుల కూలి, పదిహేను వందలు, కోసేశారు. పెద్దల తప్పులు మోయడానికే పేదల సంతకాలు పుట్టినట్టున్నాయి.

కంప్యూటర్ మూడు వందల నలభయ్యో లైను చూపిస్తోంది. అక్కడ ఏ తప్పూ లేదు. మరమగ్గాల కార్ఖానాలో పనిచేసే తండ్రి సోమలింగం ఎప్పుడూ అనే మాటే ఇది: "గుడ్డ మీద గీత ముందట కనబడ్తది గని, పోగు తెగేది ఎనుక. ఎనుకకు పోయి ఎతకాలె బిడ్డా." నాసి నూలు ఇచ్చి, బట్ట పాడైందని ఆయన కూలి కోసినవాళ్లూ ఇలాంటి సేఠులే.

సేఠ్ రానే వచ్చాడు.

"ఆధా ఘంటా దీజియే సేఠ్. గలత్ ఛపేగా." తప్పు అచ్చవుతుందని, అరగంట ఇమ్మని అడిగింది పద్మారాణి.

"టైం నహీ హై. ఎంటర్ మార్. బచ్చోం కా పేపర్ హై, షాదీ కా కార్డ్ నహీ." పిల్లల పేపరేగా, పెళ్లి కార్డు కాదుగా అని సేఠ్ లెక్క.

పెళ్లి కార్డులో ఒక్క అక్షరం పోతే ఈ సేఠే చేతులు జోడించి మళ్లీ వేసిస్తాడు. కూలోళ్ల పిల్లలకు ఆ పాటి మర్యాద కూడా దండగే. పద్మారాణికి ఒళ్లు మండిపోయింది.

శ్యాంసుందర్ వంగి గొంతు తగ్గించాడు. "నౌకరి పోతది బిడ్డా. కొట్టు. మళ్ల సంతకం పెడ్తె అయిపాయె."

"పెట్ట కాకా. కొట్ట గూడ కొట్ట."

ఆమె కీబోర్డు తీసి ఒళ్లో పెట్టుకుని, ఎవరి చెయ్యీ పడకుండా దాని మీద ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. సేఠ్ అరుస్తున్నాడు. కింద అచ్చు మెషీన్ కాగితం లేకుండా ఖాళీగా తిరుగుతోంది. తెర మీద ప్రశ్నార్థకం అలాగే ఉంది.

కుడి చేత్తో మౌస్ పట్టుకుని, మూయని బ్రాకెట్ కోసం ఆమె ఒక్కో లైనూ వెనక్కి చదవడం మొదలుపెట్టింది. మూడు వందల ముప్పై తొమ్మిది. మూడు వందల ముప్పై ఎనిమిది.