మూసిన కంతలు

కూలడం కూలడం పెద్దామె కట్టించిన గోడ తోడికోడలు చిన్నామె పెరట్లోకే కూలింది. భూమి కదిలింది కాసేపే. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి గానీ ఒక్కటీ కింద పడలేదు. గోడ మాత్రం పడింది. దాని పక్కనే కూర్చుని బట్టలుతుకుతున్న చిన్నామె చెయ్యి విరిగింది.

మర్నాడు పొద్దున్నే మరిది మేస్త్రిని పిలిపించి నిలదీశాడు. పెద్దామె గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఏమయ్యా, సిమెంటు వేశావా, పిండి కలిపావా? ఊదితే పోయింది!"

"వాలు నేల, నల్లమట్టి, పైగా భూమి కదిలే చోటు. గోడొద్దు, స్తంభాలు పాతి జాలీ బిగిద్దామని మొత్తుకున్నానండీ. పెద్దమ్మగారు గోడే కావాలన్నారు. సరేనని నీళ్లు పోవడానికి అడుగున కంతలు వదిలాను."

"ఏవీ ఆ కంతలు? వాననీళ్లు పోయే దారి లేక మట్టి ఉబ్బి కూర్చుంది. భూమి కాస్త కదిలేసరికి తోసేసింది. ఇక ఈ వీధిలో నీకు పనెవరిస్తారో చూస్తా!"

మేస్త్రి ఒక పెళ్ల తిరగేసి చూశాడు. కంతలో సిమెంటు కుక్కి ఉంది. పెద్దామె వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

అత్తగారు పోయిన రాత్రి పక్కన కాచుకోవాల్సిన పెద్దామె నిద్రపోయింది. ఆ మాట చిన్నామె నలుగురిలో అనేసింది. అబద్ధమైతే పెద్దామె పోట్లాడి ఉండేది. నిజం కాబట్టి గోడ కట్టించింది. అయినా బట్టలుతుకుతూ చిన్నామె తీసే కూనిరాగం కంతల్లోంచి వచ్చేది. ఒక మధ్యాహ్నం పెద్దామె మిగిలిన సిమెంటు కలిపి తన చేత్తోనే వాటిని మూసేసింది. వానలకు తన పెరడు బురదైనా నోరు విప్పలేదు.

"అతన్నేం అనకు. కంతలు మూసింది నేను," అంది పెద్దామె మరిదితో.

"మీరా వదినా? ఎందుకు?"

"దాని పాట వినలేక."

చేతికి కట్టుతో చిన్నామె మెట్ల మీద కూర్చుని ఉంది. "ఒక్క మాట చెప్తే మానేసేదాన్ని కదక్కా," అంది.

ఆ గొంతులో కోపం లేదు. పెద్దామె పెరట్లోకి దిగి, ఉతికే బండ మీద పడ్డ ఇటుకలు తియ్యడం మొదలుపెట్టింది.

"మీకెందుకమ్మా, మేం తీస్తాం," అన్నాడు మేస్త్రి.

ఆమె ఇంకో ఇటుక తీసింది.