డూవర్ అంటే ఏది?

మా ఆయన మెర్వ్ నోట నలభై ఏళ్లుగా ఒకటే మాట: డూవర్. పేరు గుర్తుకు రాని వస్తువల్లా డూవరే. పేరు తెలిసినా చెప్పడానికి బద్ధకమైతే అదీ డూవరే. ఫ్రిజ్ మీద చీటీలు కూడా అలాగే అంటించేవాడు: "నేరెల్, డూవర్ కారుతోంది. డూవర్ పట్టుకుని రా." నేను స్పానర్ తీసుకుని తిన్నగా నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లేదాన్ని. ఒక్కనాడూ పొరబడలేదు. అందుకు నాకు కాస్త పొగరు కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

పక్షవాతం వచ్చాక ఆయనకు మిగిలింది ఆ ఒక్క మాటే. ఇంటికి పంపాలా, వృద్ధాశ్రమంలో చేర్చాలా అన్నది తేల్చడానికి ఆసుపత్రిలో ట్యామ్‌సిన్ అనే అమ్మాయి బొమ్మల కార్డులు పట్టుకుని వచ్చింది. మాట పోయినవాళ్లకు మాటలు నేర్పడం ఆమె పని. కప్పు చూపిస్తే డూవర్ అన్నాడు. గొడుగూ డూవరే, కంగారూ డూవరే.

"ఈయనకి మాటలు పోయాయండీ," అంది.

"ఉన్నప్పుడు మాత్రం ఏం ఒలకబోశాడమ్మా!" అంటూ పాత చీటీల కట్ట ఆమె ముందు పడేశాను. "చదువు. ఇవన్నీ జబ్బు రాకముందువే."

ఆ పిల్ల చదివి పకపకా నవ్వింది. "సరేనండీ. కానీ ఇంటికి పంపాలంటే, ఈయనకేం కావాలో మీకు తెలియాలి కదా. ఏదీ, ఒక్కసారి చూపించండి."

మెర్వ్ నా వంక చూసి చెయ్యి ఊపాడు. "డూవర్."

నీళ్లా? దుప్పటా? కిటికీ తియ్యమనా? నాకేమీ తట్టలేదు. తడుముకుంటే దొరికిపోతానని టక్కున బల్ల మీది కళ్లద్దాలు తీసి అందించాను.

ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత బాగున్న చేత్తో మెల్లగా పెట్టుకున్నాడు.

"అమ్మో, భలే కనిపెట్టారే!" అంటూ ట్యామ్‌సిన్ కాగితం మీద టిక్కు పెట్టింది.

కారులో గోధుమ చేల మధ్య ఇంటికి వెళుతుండగా ఆయన మళ్లీ "డూవర్" అన్నాడు.

"ఏది మెర్వ్? ఏదో చెప్పవయ్యా, నీకు పుణ్యముంటుంది," అన్నాను. నలభై ఏళ్లలో అలా అడగడం అదే మొదలు.

ఆయన నా మోకాలి మీద రెండుసార్లు తట్టి, అటు తిరిగి కూర్చున్నాడు. మనిషి పక్కనే ఉన్నా ఒంటరిదాన్నయిపోయాను. ఇంటికొచ్చి నెలయింది. నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక ఆయన ఆ మాట కూడా మానేశాడు.