కుడి చెవి

కోటబొమ్మాళి దగ్గర పల్లెలో సోములంటే ఒకప్పుడు ముక్కుమీద కోపం. పచ్చగడ్డేస్తే భగ్గుమనేవాడు. పైగా పుర్రచేతి వాటం మనిషి, ఎడమచెయ్యి ఎప్పుడు లేస్తుందో ఇంట్లో ఎద్దులకి కూడా తెలిసేది కాదు. అలాంటివాడు అరవైకి దగ్గరపడ్డాక మారాడంటే నమ్ముతారా? మారాడు మరి. కాశీ వెళ్ళినవాళ్ళు కాయో పండో వదిలేసొస్తారు. సోములు కోపం వదిలేసొచ్చానన్నాడు. తొమ్మిదేళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడాను.

తన ఓర్పుకి పరీక్ష పెట్టేది పెళ్ళాం దేముడమ్మేనని నవ్వుతూ చెప్పుకునేవాడు. పొద్దున్నే ఆవిడకి కుడిపక్కన కూర్చుని భాగవతం చదివితే, అంతా అయ్యాక "ఏటి?" అనేది. పాత సోములైతే చెంప పగిలేది. కొత్త సోములు, సెవిటోడి ముందర శంఖం ఊదినట్టుందే అని మేలమాడి మళ్ళీ చదివేవాడు. మింగిన ప్రతి కోపమూ మోక్షానికి ఒక మెట్టని లోలోపల లెక్క.

ఇక మిగిలింది మంత్రోపదేశం. అది దక్కకపోతే ఇన్నేళ్ళ పాట్లూ బూడిదలో పోసిన పన్నీరేనని ఒకటే బెంగ. అరవై ఎనిమిదో ఏట, మాఘమాసంలో, ఎవరో గురువుగారు శ్రీకూర్మం వచ్చారని విని పెళ్ళాన్ని తీసుకుని బస్సెక్కాడు. ఇస్తే దంపతులిద్దరికీ ఇస్తాను, లేకపోతే లేదన్నారాయన.

ముందు సోములు చెవిలో చెప్పారు. అక్షరం పోకుండా తిరిగి చెప్పాడు. కళ్ళంట నీళ్ళు కారాయి. తర్వాత గురువుగారు కండువా అడ్డం పెట్టుకుని దేముడమ్మ కుడిచెవిలో చెప్పారు. ఆవిడ కదల్లేదు. మళ్ళీ చెప్పారు.

"ఏటి?" అంది.

సోములికి నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వకుండా తల తిప్పి ఎడమచెవి చూపించింది.

"ఆ సెవి వినపడదు సామీ. ఇటేపు సెప్పండి."

మంత్రం కుడిచెవిలోనే పడాలమ్మా, ఎన్నాళ్ళయిందిలాగ అని అడిగారు గురువుగారు. ఆవిడ నసిగింది. కాశీ ఎల్లకముందు, కోతలప్పుడు, కళ్ళంలో గంజిసట్టి తన సేతిలోంచి జారిపోయిన నాటినుంచి అంది.

సోములికి నెత్తిమీద పిడుగు పడ్డట్టయింది. గంజి ఒలకడం గుర్తుంది. తను కొట్టడమూ గుర్తుంది. ఎదురుగా ఉన్న మనిషిని ఎడమచేత్తో కొడితే దెబ్బ ఏ చెంపమీద పడుతుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు. తను తెచ్చిపెట్టిన చెవుడునే తను ఓర్చుకుని, ఓర్చుకున్నందుకు మురిసిపోయాడు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"నాకెందుకు సెప్పలేదే?"

"సెప్తే కోపమొస్తాదని, మావా. వదిలేసినావు కదా."

గురువుగారు సోముల్ని మంత్రం ఇంకోసారి చెప్పమన్నారు. సోములు నోరు తెరిచాడు. ఒక్క అక్షరమూ రాలేదు.

లేచి, ఆవిడకి ఎడమపక్కకి వచ్చి కూర్చున్నాడు.

"దేముడమ్మా," అన్నాడు మెల్లిగా. పేరుపెట్టి పిలవడం పెళ్ళయ్యాక అదే మొదలు.

ఆవిడ ఈసారి ఏటి అనలేదు. చటుక్కున తిరిగి, ముందు సోములు ఎడమచెయ్యి ఎక్కడుందో చూసుకుంది.