కితమురా క్షమాపణ

ఒసాకా పక్కనున్న ఆ చిన్న ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన గంటకే, వచ్చిన పని సగం తీరిపోయిందని వెస్లీ సంబరపడ్డాడు. అమెరికాలో టోలెడో ఊరి కంపెనీ అతణ్ణి ఇంతదూరం పంపింది ఒక్క సంగతి తేల్చుకు రమ్మని. తమ పంపుల్లో బిగించడానికి ఇక్కడ చేయించుకున్న రబ్బరు సీళ్లు రెండు వేల దాకా కారిపోతున్నాయి. తప్పెవరిది? అందరూ కూర్చున్నాక సీళ్ల విభాగం పెద్ద కితమురా లేచి నిలబడ్డాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి, నడుము విరిగిపోతుందేమో అన్నంతగా వంగాడు.

"పూచీ అంతా నాదండి. క్షమించండి," అన్నాడు. కంపెనీ తరఫున దుబాసీగా ఉన్న ఒగాతా అనే ఆవిడ ఆ మాటని వెస్లీకి ఇంగ్లీషులో చెప్పింది.

వెస్లీకి ప్రాణం లేచొచ్చింది. వాళ్ల ఊళ్లో అయితే ఈ ఒక్కమాట రాబట్టడానికి ముగ్గురు లాయర్లు, మూడు నెలలు కావాలి. అక్కడికక్కడే కంప్యూటర్ తెరిచి, విభాగం పెద్ద తప్పు ఒప్పుకున్నాడని పైవాళ్లకు రాసి పడేశాడు. తలెత్తేసరికి గదిలో అందరూ తన వంకే చూస్తున్నారు. మర్యాద కాబోలనుకుని నవ్వాడు.

తర్వాత మూడు రోజులు బడలికతోనే గడిచాయి. నిద్ర సరిగ్గా పట్టదు. పొద్దున హోటల్లో వేడన్నం మీద పచ్చి గుడ్డు చూస్తే గిన్నె పక్కకి నెట్టేస్తాడు. ఒకరోజు మరుగుదొడ్డిలో మాత్రమే వేసుకోవాల్సిన చెప్పులతోనే ఆఫీసులోకి నడిచొచ్చేశాడు. గుమాస్తాలు తలలు దించుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. కితమురా మాత్రం నవ్వకుండా, అతని చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు. భోజనాల దగ్గర వెస్లీ అతనికి కూతురి ఫొటో చూపించాడు. పిల్ల ఈ ఏడే కాలేజీలో చేరిందనీ, టోలెడో ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారనీ, తన వంతు ఎప్పుడొస్తుందోననీ ఒగాతా చేత చెప్పించాడు.

నాలుగో రోజు కితమురా బల్ల దగ్గర ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

"ఆయనేరి?"

"గోదాములో అట్టపెట్టెలకి చీటీలు అంటిస్తున్నారండి," అంది ఒగాతా. "తప్పు చేసినాయన ఇక తమ సరుకు ముట్టుకోకూడదని మీ టోలెడో వాళ్లు రాశారు."

"నేనలా అడగలేదే."

"మీరు రాసింది చాలిందండి వాళ్లకి."

ఆవిడ సొరుగులోంచి సీలు కొలతలున్న డ్రాయింగు కాగితం తీసి అతని ముందు పరిచింది. "ఈ కొలత మీరు పంపిందే. సంతకం మీదే. ఇలా చేస్తే కారుతుందేమోనని కితమురా గారు రెండుసార్లు అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెయ్యమని జవాబిచ్చిందీ మీరే."

వెస్లీకి అప్పుడు గుర్తొచ్చింది. ఏదో శుక్రవారం ఇంటికెళ్లే హడావుడిలో, అడిగింది పూర్తిగా చదవకుండా పంపిన జవాబు అది.

"మరి తప్పు తనదని ఎందుకన్నాడు?"

"మన గడప తొక్కినవాణ్ణి పట్టుకుని నలుగురిలో తప్పు నీదే అంటామా? ముందు మావైపు పెద్ద వంగుతారు. అప్పుడు అవతలివాళ్లు లేచి, అబ్బే, మాదీ ఉంది లెండి అంటారు. ఆ తర్వాత కూర్చుని ఇద్దరూ కొలత సరిచేసుకుంటారు. మీరూ లేస్తారని చూశాం. మీరేమో కంప్యూటర్ తెరిచారు."

వెస్లీ ఆవిణ్ణి వెంటబెట్టుకుని గోదాముకి పరుగెత్తాడు.

"కితమురా గారూ, ఇవాళే నిజం రాసేస్తాను."

కితమురా వేళ్లకంటిన జిగురు తుడుచుకున్నాడు. "వద్దండి. నా ఉద్యోగం నాలుగు నెలల్లో ఎలాగూ అయిపోతుంది. మీ అమ్మాయికి ఇంకా నాలుగేళ్ల చదువుంది."

ఆ మాట వినగానే వెస్లీకి హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"మీకు అన్యాయం కదా," అన్నాడు.

"ముప్పై ఆరేళ్లు ఆ పనే చేశాను. నేను చేయించిన సీలు కారిందని రాసుకుంటారే, అదొక్కటే..." అని ఆగి, "ఈ పెట్టెలు తేలికేలెండి," అన్నాడు కితమురా.

మర్నాడు వెస్లీ టాక్సీ ఎక్కగానే యజమాని మొదలు అందరూ గేటు ముందు వరసగా నిలబడి వంగారు. అక్కడి మర్యాద ప్రకారం వెళ్లే బండి కనుమరుగయ్యేదాకా తలెత్తకూడదు. వరస చివర గోదాము వాళ్ల బూడిదరంగు చొక్కాలో కితమురా ఉన్నాడు. బండి నూరు గజాలు పోయిందో లేదో ఎర్రలైటు పడింది.

వెస్లీ వెనక్కి తిరిగి చూశాడు. వంగినవాళ్లు వంగినట్టే ఉన్నారు. ఫోను తీసి, "కొలత తప్పు నాది, కితమురాది కాదు" అని పైవాళ్లకు రాశాడు. అరనిమిషం కూడా పట్టలేదు. పంపబోతూ మళ్లీ చూశాడు. కితమురాకి నడుం పట్టేసినట్టుంది, మోకాళ్ల మీద చేతులు ఆనించుకున్నాడు.

"వేరే దారి లేదా?" అని వెస్లీ డ్రైవర్ని అడిగాడు.

"లేదండి. ఈ సిగ్నల్ కాస్త ఆలస్యం," అన్నాడు డ్రైవరు వచ్చీరాని ఇంగ్లీషులో.

పచ్చలైటు వెలిగింది. బండి మలుపు తిరిగింది. గేటు కనబడకుండా పోయింది. వాళ్లిక తలలెత్తి ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లిపోయి ఉంటారు. వెస్లీ రాసిందంతా ఒక్కొక్క అక్షరమే చెరిపేసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.